పేదవారికి బి.ఏ. చదువేల?

గడచిన వేసవి సెలవులు ముగియు దినములలో నొకనాటి యుదయము గిద్దలూరి ప్రాంతపు రైతొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని మార్కాపురము రోడ్డు స్టేషనులో రైలు దిగి, అచ్చటినుండి ఆటోలో మా యింటికి వచ్చెను. మేము కొంతకాలము క్రిందట వారి ప్రాంతమున పనిచేసియుండుటచే నా బాలిక మా యొద్ద పదవ తరగతి చదివినది. పద్యమిచ్చినచో పదములు విరిచి అన్వయము చెప్పగల నేర్పు ఆ తరగతిలో ఆమెకొక్కతెకే యుండెడిది. అందుచే ఆమెను మేము మరువలేదు.

రైతు అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు త్రాగి, వచ్చిన పని చెప్పెను. “సారూ, పాపకు ఇంటర్లో తొమ్మిదొందలు దాటినాయి. చరిత్ర చదువుతానంటాది. కాలేజీకి పోతే బి.ఏ. ఈ యేడు లేదంట. చేరేటోళ్లు పదిమంది గూడా లేరంట. బీకాం కంప్యూటర్సు రాసుకోమన్నారు. ఆ మాత్రానికి చదువెందుకు, పెండ్లి జేస్తే పోలే అంటాండారు మా యింట్లో. మీరేమంటారు?”

మేము కొంత తడవు పెద్దమనుష్యుల పద్ధతిని ఉపన్యసించితిమి. చరిత్ర గొప్పదంటిమి, భాష గొప్పదంటిమి, ధనమొక్కటియే ప్రధానము కాదంటిమి. ఆ బాలిక తల వంచుకొని యంతయు విని, చివరకు మెల్లగా నిట్లడిగెను: “మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు సార్?”

“ఇంజనీరింగమ్మా” అంటిమి.

ఆమె మరేమియు అనలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమా ప్రశ్నయే. కావున చదువరులు మమ్ము శుద్ధాత్ములనుగా నెంచి యీ క్రింది మాటలు చదువవలదని ముందుగనే మనవి చేయుచున్నాము. మేము నిందింపబోవు తప్పు మా యింటనే జరిగినది.

“బి.ఏ. చదివి యేమి చేయుదురు?” అను మాట నేడు మన పశ్చిమప్రాంతమున వేదవాక్యమైనది. గిద్దలూరు మొదలు పొదిలి వరకు, ఎఱ్ఱగొండపాలెము మొదలు కంభము వరకు, వైద్యుని ముంగిట వేచియున్నవారును, చెన్నకేశవస్వామి రథోత్సవమునకు వచ్చినవారును, తుదకు మా ఉపాధ్యాయుల గదిలో తేనీరు త్రాగువారును ఇదేమాట యనుచున్నారు. చదువుకొననివారు అన్నయెడల నొకవిధము. చదువుకొన్నవారే, ఈ పత్రికకు చందా కట్టి సంఘసంస్కరణమునుగూర్చి చదువువారే అనుచున్నారు. ఈ మాట నిజమా కాదా యని తర్వాత విచారింతము. ముందుగా నిది యెవరినిగూర్చి యనబడుచున్నదో చూడవలెను.

తిరుపతి జిల్లాలో శ్రీసిటీ యను పారిశ్రామికవాడ గలదు. అచ్చట క్రియా విశ్వవిద్యాలయమను పేర 2018లో నొక చిన్న విద్యాపీఠము వెలసినది. 2019నుండి అందు బి.ఏ., బి.ఎస్సి. (ఆనర్సు) తరగతులు నడుచుచున్నవి. అది ఇంజనీరింగు కళాశాల కాదు, వైద్యకళాశాలయు కాదు. చరిత్ర, సాహిత్యము, అర్థశాస్త్రము, తత్త్వశాస్త్రము, గణితము, జీవశాస్త్రము మున్నగువానిని కలగలిపి నేర్పుటయే దాని ముఖ్యోద్దేశము. విద్యార్థులు గురువులతోగూడ నొకే ఆవరణమున నుండి, చిన్న తరగతులలో కూర్చుండి వాదించుచు, వ్రాయుచు, విషయములను తామే యెన్నుకొనుచు చదువుదురు. ఇట్టివే ఉత్తరదేశమున మరికొన్ని గలవు. హర్యానాలోని అశోకా విశ్వవిద్యాలయము 2014లో మొదలైనది. వీనిలో రుసుము సంవత్సరమునకు లక్షలలో నుండును. అచ్చట తమ బిడ్డలకు చోటు దొరకెనని పట్టణములలోని వ్యాపారులును, పెద్ద యుద్యోగులును సంతోషించుచున్నారు. వారినెవ్వరైనను “బి.ఏ. చదివి మీ బిడ్డ యేమి చేయును?” అని యడుగుచున్నారా?

అడుగరు. అచ్చట అదే చదువునకు ‘లిబరల్ ఆర్ట్సు’ అని పేరు. ఇచ్చట దానికే ‘ఆర్ట్సు గ్రూపు’ అని పేరు. అచ్చట అది నాయకులను తయారుచేయు విద్య. ఇచ్చట లెక్కలు రానివాని గతి. ఒకే సరకునకు రెండు వెలలు కట్టుట కోమటి దుకాణమున జరిగినచో మనము పోట్లాడుదుము. విద్యయందు జరిగినచో దానికి లోకజ్ఞానమని పేరు పెట్టుచున్నాము.

ఆ ఇంగ్లీషు మాటకు మూలము లాటిను భాషలో నున్నది. స్వతంత్రుడైన పౌరునకు తగిన విద్యలని దాని యర్థము. రోమను దేశమున దాసులుండిరి. దాసునకు పని నేర్పిన చాలును. పరిపాలనమున మాటాడవలసినవానికి వ్యాకరణము, తర్కము, వక్తృత్వము కావలెనని వారి యూహ. ఆ విభాగము క్రూరమైనదే. కాని దానినుండి మనము నేర్చుకొన్నదేమి? కలవారి బిడ్డలకు స్వతంత్రుల విద్య, లేనివారి బిడ్డలకు పనివాని విద్య యని ఆ రోమనుల గీతనే మరల గీచితిమి. మన కౌటిల్యుడును విద్యలు నాలుగని చెప్పి, అందు ఆన్వీక్షికిని మొదట నిలిపెను. వార్తను, అనగా కృషి పశుపాల్య వాణిజ్యములను, వదలలేదు. రెండును ఒకే జాబితాలో నున్నవి. బ్రతుకుతెరువు నేర్పు విద్యకును, ఆలోచన నేర్పు విద్యకును పొత్తు కుదరదని ఆయన యెక్కడను అనలేదు.

ఇక మా ప్రాంతపు కళాశాలలలో ఆర్ట్సు తరగతులెట్లు సన్నగిల్లుచున్నవో చెప్పవలెను. దోషమంతయు తల్లిదండ్రులదని మేమనము. 2008 ప్రాంతమున ఆరంభమైన రుసుముల చెల్లింపు పథకమువలన బీదపిల్లలకును ఇంజనీరింగు కళాశాలల తలుపులు తెరువబడినవి. అది మంచిపనియే, మా శిష్యులనేకులు దానివలన బాగుపడిరి. కాని సర్కారు సొమ్ము ఏ వైపు ప్రవహించునో ఆ వైపే కళాశాలలును మొలచును, ఆ వైపే పిల్లలును నడుతురు. 2021-22 సంవత్సరమునుండి డిగ్రీ తరగతులన్నిటను ఇంగ్లీషులోనే బోధింపవలెనని యుత్తరువు వచ్చినది. మేము ఇంగ్లీషు చెప్పి పొట్ట పోసుకొనువారము. ఆ భాషకు శత్రువులము కాము. అయినను దోర్నాల యడవి యంచునుండి వచ్చిన బాలుడు పండ్రెండేండ్లు తెలుగున చదివి, ఒక్క వేసవిలో ఇంగ్లీషువాడై కాకతీయుల రాజ్యపాలనమును ఆ భాషలో చర్చింపవలె ననుట యెట్టి న్యాయము? వాడు చర్చింపడు. గైడుపుస్తకము కొని వల్లెవేయును. అట్లు వల్లెవేసిన చరిత్ర పరీక్షకు మరునాడే మరపునకు వచ్చును. అప్పుడు మనము “చూచితిరా, బి.ఏ. చదివినవానికి ఏమియు రాదు” అందుము.

తరువాత 2023-24లో మరియొక మార్పు జరిగినది. పూర్వము బి.ఏ. విద్యార్థి చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి యని మూడు విషయములు సమముగా చదివెడివాడు. దాని స్థానమున ఒకటే ప్రధానవిషయము, దానికి తోడుగా నొక చిన్న విషయము అను పద్ధతి వచ్చినది. పెద్ద నగరములలోని కళాశాలలకిది మేలే కావచ్చును. మా తాలూకా కళాశాలల సంగతి వేరు. చరిత్రకొక అధ్యాపకుడు, అర్థశాస్త్రమునకొకడు, రాజనీతికొకడు, ముగ్గురును కలిసి ముప్పదిమంది పిల్లలతో నొక తరగతిని నడుపుకొనుచుండిరి. ఆ ముప్పదిమందిని మూడు పాయలుగా చీల్చినచో నొక్కొక్క పాయలో పదిమంది. పదిమందికి తరగతి గిట్టదు. గిట్టని తరగతి మూతపడును. మూతపడిన తరగతి అధ్యాపకుడు వేరొక యూరికి పోవును. రేపు ప్రభుత్వమువారు ఆ పద్ధతిని మరల మార్చిన మార్చవచ్చును. పోయిన అధ్యాపకుడు మాత్రము ఆ యుత్తరువు వెంట తిరిగి రాడు. బహుశాఖావిద్య యను పేర జరిగిన సంస్కరణము మూడు శాఖలుగల చెట్టును ఒక కొమ్మగా నరకుట మాకు వింతగా తోచినది.

“ఉద్యోగము రాదుగదా” అనువారికి మేమొక దృశ్యము చూపుదుము. ఒంగోలులోగాని హైదరాబాదులోగాని గ్రూపు పరీక్షలకు తర్ఫీదునిచ్చు కేంద్రములకు పోయి చూడుడు. ఇరుకు గదిలో నూర్లకొలది యువకులు కూర్చుండి శాతవాహనుల కాలమును, రాజ్యాంగములోని అధికరణములను, పంచవర్షప్రణాళికలను నోట్సు వ్రాసికొనుచుందురు. వారిలో ఇంజనీరింగు చదివినవారెందరో యడుగుడు. నాలుగేండ్లు యంత్రములను చదివి, దానికి తగిన పని దొరకక, ఇప్పుడు మరల రొక్కమిచ్చి చరిత్రయు రాజనీతియు కొనుచున్నారు. 2019లో గ్రామసచివాలయముల యుద్యోగములకు పరీక్షలు జరిగినప్పుడు మా ఊరిలో నిదే తంతు. తాలూకా కళాశాలలో మూడేండ్లు నెమ్మదిగా, గురువు నడిగి తెలిసికొనదగిన విషయమును వెఱ్ఱిదని త్రోసివేసి, దానినే ఆరునెలలలో గుక్కత్రిప్పక మ్రింగుటకు వేలు పోయుచున్నారు. మా కుమారుడును ఇంజనీరింగు ముగిసినపిదప ఆ గదిలోనికే పోవునేమో యని మాకు లోలోపల భయము కలదు.

అది యటుండనిండు. ఉద్యోగమునుగూర్చి యింతకంటె వాదింపము. ఉద్యోగమే చదువునకు ఫలమని యొప్పుకొన్నచో సగము వాదమోడినట్లే. మా ప్రాంతమునకు చరిత్ర చదివినవాడు కావలసిన కారణము వేరొకటి గలదు.

దొనకొండ కెలంకుల చందవరమను గ్రామము గుండ్లకమ్మ యొడ్డున నున్నది. అచ్చటి గుట్టమీద క్రీస్తుశకారంభమునకు అటునిటుగా వర్ధిల్లిన బౌద్ధస్తూపము 1964లో బయల్పడినది. సున్నపురాతి పలకలపై భక్తులు బుద్ధుని కొలుచుచున్నట్లు చెక్కిన శిల్పములు దొరకినవి. ఆ శిల్పములలో నొకటి దొంగిలింపబడి సముద్రములు దాటిపోయెను. ఆస్ట్రేలియాదేశపు జాతీయకళాశాలవారు 2005లో దానిని వర్తకులయొద్ద వెల పెట్టి కొనిరి. అది దొంగసొత్తని తేలినపిమ్మట 2016లో మనదేశమునకు తిరిగి యిచ్చివేసిరి. ఈ కథ మార్కాపురమున నెందరికి తెలియును? చందవరమునుండి మా యూరు ఎంతో దూరము లేదు. ఆ శిల్పము పోయినదని ముందుగా గుర్తింపవలసినవారు, ఇది మా గుట్టమీది రాయియని కేకవేయవలసినవారు మేమే. రాతిని చూచి ఇది అమరావతి పద్ధతి, ఇది మన చందవరపు చెక్కడము అని చెప్పగలవాడు మా తాలూకాలో నొక్కడుండినను దొంగకు కొంత జంకు కలుగును గదా! అట్టివానిని తయారుచేయు తరగతినే మనము పదిమంది లేరని మూసివేయుచున్నాము.

త్రిపురాంతకము మాటయు నిట్టిదే. శ్రీశైలమునకు తూర్పుద్వారమని ప్రసిద్ధిగన్న ఆ క్షేత్రమున కాకతీయకాలపు శాసనములు పెక్కు గలవు. రుద్రమదేవిపై తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడు 1290లో తన విజయములను చాటుకొనుచు వ్రాయించిన శాసనమచ్చటిదే. ఇవన్నియు ఎన్నడో అచ్చుపడినవి. చదువుకొనగలవాడు చదువుకొనవచ్చును. మేము ఒకమారు మా విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయి ఒక శాసనమునందలి రెండు పంక్తులను చదివి వినిపించితిమి. ఒక బాలుడు “ఇది తెలుగేనా సార్?” అని యాశ్చర్యపడెను. తన తాత తండ్రులు నడచిన గుడిలో తన భాషయే తనకు పరభాషయైన తీరు వానికప్పుడు తెలిసెను. ఆ బాలుడిప్పుడు బెంగుళూరిలో నొక సంస్థలో కంప్యూటరు పని చేయుచున్నాడు, సంతోషమే. శాసనము మాత్రము అట్లే యున్నది.

నల్లమలలోని చెంచులనుగూర్చి గొప్పగ్రంథము 1943లో వెలువడినది. వ్రాసినవాడు ఆస్ట్రియాదేశస్థుడైన హైమెన్‌డార్ఫు. ఆయనను మేము గౌరవింతుము. కాని అడవి మన పెరటిది. పెరటి మనుష్యులను చూచి వ్రాయుటకు వియన్నానుండి పండితుడు రావలసివచ్చెను. మా పలకల గనులలో రాతిదుమ్ము పీల్చి రొమ్ములు చెడినవారి జీవితమునుగాని, బావులలోని ఫ్లోరైడు నీటివలన నడుములు వంగిన పల్లెలనుగాని, వర్షములేక బేల్దారి పనులకు పట్టణములకు వలసపోవు కుటుంబములనుగాని చూచి, లెక్కగట్టి, విచారించి వ్రాయుట యే చదువు? అది సాఫ్టువేరు కాదు. అర్థశాస్త్రము, సమాజశాస్త్రము. మన వెనుకబాటును మనము చెప్పుకొనలేనప్పుడు దానిని పోగొట్టుమని యెవరినడుగుదుము? ఎన్నికలప్పుడు వచ్చినవారు చెప్పినదే మన చరిత్ర, వారు వేసినదే మన లెక్క యగుచున్నది. వెలిగొండ ప్రణాళికకు 1996లో పునాదిరాయి పడినది. దానిపై వచ్చిన ప్రసంగములు కుప్పలు కుప్పలు. మా తాలూకా కళాశాలనుండి దానిపై వెలువడిన వ్యాసమొక్కటియైన మా కంటబడలేదు.

కళాశాలాజీవితమనగా తరగతి మాత్రమే కాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిరి. అచ్చట పుస్తకవిద్యతోపాటు నేత, వడ్రంగము, చిత్రలేఖనము మున్నగునవి నేర్పిరి. వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు వచ్చి చిత్రకళ బోధించెను. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులు. తరువాతి కాలమున అది తక్కిన కళాశాలలవంటిదే యైనది గాని, చేతిపనియు ఆలోచనయు ఒక యావరణమున బ్రతుకగలవని తెలుగువారు నూరేండ్ల క్రిందటనే చూపిరి. 1915లో మదనపల్లెలో అనీబిసెంటమ్మగారి ప్రోత్సాహమున వెలసిన దివ్యజ్ఞానకళాశాల మరియొకటి. 1919లో రవీంద్రనాథ ఠాగూరు ఆ చిన్న యూరికి వచ్చి, విద్యార్థుల నడుమ తన జనగణమన గీతమును పాడి, అచ్చటనే దానిని ఇంగ్లీషులోనికి మార్చెను. ప్రిన్సిపాలు కజిన్సు భార్య మార్గరెట్టమ్మ ఆ గీతపు స్వరము వ్రాసిపెట్టెను. మదనపల్లె మహానగరము కాదు. ఇంకను వెనుకకు పోయిన, 1261 నాటి మల్కాపురశాసనమున విశ్వేశ్వరశివాచార్యుల మఠమందు విద్యార్థులకు చదువేగాక అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల యుండెనని చెప్పబడినది. విద్యాలయమునకు వంటయిల్లును, వైద్యుడును కావలెనని ఆనాటివారికి తోచినది. మా తాలూకాలలో వసతిగృహము లేక యెందరు బాలికలు మధ్యలోనే చదువు మానిరో, వైద్యుడు లేక యెందరు మూర్ఛబోయిరో చెప్పిన వ్యాసము పెరుగును.

మేమెరిగిన యొక డిగ్రీ కళాశాల దినచర్య యిట్లుండును. పేరు చెప్పము. ఉదయము పది గంటలకు బస్సులు వచ్చును. పిల్లలు దిగుదురు. మధ్యాహ్నము ఒంటిగంటకు మరల బస్సులెక్కుదురు. గ్రంథాలయము తాళము తాళము వేసినట్లే యుండును; తాళపుచెవి గుమాస్తాయొద్ద, గుమాస్తా సెలవులో. వాదసభ లేదు, నాటకము లేదు, చేతివ్రాత పత్రిక లేదు. ఆవరణమున నున్న రావిచెట్టే అచ్చటి జ్ఞానమండపము. దానిక్రిందనే పిల్లలు కొంత మాటలాడుకొందురు. ఆ మాటలును చరవాణి తెరలపై వ్రాలి తగ్గిపోయినవి. ఇట్టి చోటునుండి వచ్చినవానిని చూచి ఆర్ట్సు చదువు నిస్సారమని తీర్పు చెప్పుట, చెరువుకట్ట తెగగొట్టి పొలము ఎండినదని భూమిని తిట్టుటవంటిది.

“మార్కాపురమువంటి కొండమూల యూరిలో అంతటి విద్యాలయమెట్లు నిలుచును?” అని కొందరందురు. అమెరికాలో విలియమ్స్ కళాశాల 1793లో మసాచుసెట్సు కొండల నడుమ నొక చిన్న యూరిలో పుట్టినది. ఇప్పటికిని అది చిన్నదే. ఇప్పటికిని ఆ దేశమున నుత్తమమైనవానిలో నొకటి. ఊరు చిన్నదగుట దానికి లోపము కాలేదు. గురువు శిష్యుని పేరు పెట్టి పిలువగలుగుట మేలైనది. మా ఊరికి వేరొక యర్హతయు గలదు. దేశమున నెన్ని పల్లెలలో నెందరు బిడ్డలు మార్కాపురపు పలకమీద ఓనమాలు దిద్దిరో లెక్కలేదు. దేశమునకు పలకనిచ్చిన యూరు తన బిడ్డలకు పలకతోనే చదువు చాలుననుకొనుట మాకు సహింపరాకున్నది.

తండ్రుల భయమును మేము పరిహసింపము. ఆ రైతు పొలమున నాలుగు బోర్లు వేసి నాలుగును ఎండి అప్పులపాలైనవాడు. కంభము చెరువు క్రింద భూమియున్నవానికి కొంత ధైర్యముండును. మెట్టరైతునకు బిడ్డ జీతమే చెరువు. అట్టివాడు చదువును పంటవలె లెక్కించుట తప్పు కాదు. ఆ లెక్క తప్పుగా వేసియిచ్చినవారు మనము, చదువుకొన్నవారము. ఇంజనీరింగు చదివిన పదిమందిలో అమెరికాకు పోయిన యొకని బొమ్మను బజారులో కట్టి, తక్కిన తొమ్మిదిమందిని దాచితిమి. బి.ఏ. చదివి డిప్యూటీ తహసీలుదారులు, ఉపాధ్యాయులు, పాత్రికేయులు అయినవారు మన కండ్లయెదుటనే యున్నను వారి బొమ్మలు కట్టము.

బాలికల విషయము మరింత గట్టిది. కుమారుని గుంటూరు, విజయవాడ వసతిగృహములకు పంపుటకు సాహసించిన తండ్రి కుమార్తెను పంపడు. ఆమెకు తాలూకా కళాశాలయే కాశి. 2025 ఆగస్టు 15నుండి ఆడవారికి ఆర్టీసీ బస్సులలో ఛార్జీ లేకుండుటచే కొమరోలునుండి గిద్దలూరికిని, తర్లుపాడునుండి మార్కాపురమునకును వచ్చుట కొంత సులభమైనది. బస్సు వచ్చినది, తరగతి పోయినది! తన కిష్టమైన విద్య లేదని తెలిసిన బాలికకు రెండు దారులుండును: ఇష్టములేనిది చదువుట, లేక పెండ్లిపీట. వీరేశలింగము పంతులుగారి పేరు చెప్పుకొని సభలు చేయు మనము ఈ రెండవ దారిని సంస్కరణముగా నొప్పుకొందుమా? పూర్వము బాలికను బడికి పంపకుండుట దురాచారము. ఇప్పుడు బడికి పంపి, పదునెనిమిదవయేట ఆమె బుద్ధి విచ్చుకొను వేళ తలుపు మూయుట నాగరకము.

2020 నాటి జాతీయవిద్యావిధానము, 2030 నాటికి ప్రతి జిల్లాలోనో దాని సమీపముననో నొక పెద్ద బహుశాఖావిద్యాసంస్థ యుండవలెనని చెప్పినది. కాగితమున మంచి మాటయే. ఒంగోలులో 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమేర్పడినది, అదియు మంచిదే. 1970లో కర్నూలునుండి మమ్ము విడదీసి ఒంగోలుతో కలిపినప్పటినుండియు సముద్రతీరమున వెలసినది కొండప్రాంతమునకు ఎక్కివచ్చుట ఆలస్యమగుచునే యున్నది. కావున పెద్ద సంస్థకై చేతులు జోడించి కూర్చుండుటకు ముందు ఉన్న తరగతిని నిలుపుకొనవలెను. పదిమంది చేరినను ఐదేండ్లవరకు బి.ఏ. తరగతిని మూయరాదని ప్రభుత్వమును, యాజమాన్యములను మనము గట్టిగా నడుగవలెను. తెలుగున చదివి తెలుగున వ్రాయుటకు వీలు మరల కల్పించి, ఇంగ్లీషును భాషగా మరింత బాగుగా నేర్పవలెను. సాయంకాలము ఆరుగంటలవరకు గ్రంథాలయము తెరచియుండవలెను. త్రిపురాంతకము, చందవరము, నల్లమల గూడెములు ఆ తరగతికి ప్రయోగశాలలు కావలెను. వీనికి కోట్లు అక్కరలేదు. ఇంతకును ఆ తరగతికి కావలసినది విద్యార్థులు. వారెవరి యిండ్లనుండి రావలెను?

మార్కాపురము, గిద్దలూరు, కంభము, పొదిలి, ఎఱ్ఱగొండపాలెములలో ఈ పత్రిక చదువు కుటుంబములు పెక్కు గలవు. ఒక్కొక్క యూరినుండి నలుగురైదుగురు తమ బిడ్డలను, అందునను తెలివిగల బిడ్డలను, లెక్కలు రాక కాదు, కోరి బి.ఏ.లో చేర్చినచో మరుసటి యేట గుమాస్తా “పదిమంది లేరు” అని యనలేడు. చదువుకొన్నవారి బిడ్డలు చేరిన తరగతికి అధ్యాపకుడు వచ్చును, తాళపుచెవియు వచ్చును. పేదవాడు మన మాట వినడు, మన నడత చూచును. ఆ గిద్దలూరి బాలిక మమ్మడిగినది అదియే.

ఆమె యిప్పుడు బీకాం కంప్యూటర్సు చదువుచున్నది. పోవునపుడు మా బీరువానుండి మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డిరాజ్యముల చరిత్రను అడిగి తీసికొనిపోయెను. ఇంకను తిరిగి యీయలేదు, మేము అడుగను లేదు. మా రెండవ సంతానము కుమార్తె. ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము చదువుచున్నది. కుమారునివలెనే దీనిని కూడ ఇంజనీరింగునకు పంపవలెనని మా బంధువులు పట్టుబట్టుచున్నారు. వచ్చు జూనునెలలో ఆమె కోరినట్లు మా యూరి కళాశాలలో చరిత్రకు పేరు వ్రాయింపనున్నాము, నాటికి ఆ తరగతి యుండినయెడల.